ఏకాదశ రుద్రుల సీమలో తొలి ఆజ్ఞ

ఏటా కనుమ నాడు కోనసీమలో, అంబాజీపేటకు చేరువలోని జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభలెక్కి వస్తారు. గంగలకుర్రు ప్రభలను పచ్చటి వరిచేల మధ్యగా నడిపించి, కౌశిక నది నీళ్లలోకి దించి, భుజాల మీద మోస్తూ అవతలి గట్టుకు చేర్చడం చూడటానికి జనం గట్ల మీద కిక్కిరిసి నిలబడతారు. చేను నలిగినా రైతు అడ్డుచెప్పడు. స్వామి తన పొలంలో అడుగుపెట్టాడని సంతోషిస్తాడు. ఇంతమంది దేవుళ్లేమిటని అక్కడ ఎవరినడిగినా, పదకొండూ ఒక్క రుద్రుడి రూపాలేనన్న జవాబు తడుముకోకుండా వస్తుంది.

ఈ జవాబు ముందు, క్రైస్తవుల వీధి కూటాల్లో తరచూ వినిపించే 'మీకు ముక్కోటి దేవతలు, మాకు ఒక్కడే దేవుడు' అన్న వాదన నిలవదు. ఉన్నది ఒక్కటే, పండితులు దాన్ని పలు పేర్లతో పిలుస్తారన్న ఋగ్వేద వాక్యం తెలిసిన శ్రోతకు ఆ లెక్కలో కొత్తదనం ఏమీ కనిపించదు. పైగా బహుదేవతారాధన అన్న ఒక్క మాట కింద మనం కుదించి చెప్పుకునేవి నిజానికి వేర్వేరు సంగతులు. భీమవరం మావుళ్లమ్మకు మొక్కే మొక్కు వేరు, ఐదుగురు దేవతలను కలిపి కొలిచే స్మార్తుల పంచాయతన పూజ వేరు, ద్రాక్షారామ భీమేశ్వరుడికి చేసే అభిషేకం వేరు, నారాయణుణ్ణి తప్ప మరో దైవాన్ని కొలవని శ్రీవైష్ణవుడి ఏకాంత భక్తి పూర్తిగా వేరు. చివరి వాడిది, ఒక్కడికే అంకితం కావడం అనే విషయంలో, క్రైస్తవ నిష్ఠకు ఎంత దగ్గరో చాలామంది బోధకులు గమనించరు.

అలాగని విగ్రహాలను కాదనడం క్రైస్తవుల సొంత సొత్తు కూడా కాదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1878లో ప్రార్థన సమాజాన్ని స్థాపించారు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ మార్గంలో ఏకేశ్వరోపాసనను ఒక తరం విద్యార్థులకు అలవాటు చేశారు. వీరెవరూ బాప్తిస్మం తీసుకోలేదు. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదు అన్నంత మాత్రాన క్రైస్తవం అయిపోదన్న మాట. అయితే క్రైస్తవం ప్రత్యేకంగా అడిగేదేమిటి?

దానికి సమాధానం పది ఆజ్ఞల్లో మొదటిదానిలోనే ఉంది, కానీ దాన్ని దాని సందర్భంలో చదవాలి. తాను తప్ప వేరొక దేవుడు ఉండకూడదని చెప్పేముందు యెహోవా తన గురించి చెప్పుకున్నది ఒకటే: ఐగుప్తు దాస్యం నుంచి ఈ జనాన్ని బయటికి తెచ్చినవాణ్ణి నేనేనని. ప్రపంచంలో ఎందరు దేవుళ్లున్నారన్న ప్రశ్న అక్కడ చర్చకే రాలేదు. విడిపించినవాడికి విడుదలైనవాళ్లు పడిన బాకీయే అక్కడి విషయం. కీర్తనల్లో దేవుడు దేవతల సమాజంలో నిలిచి తీర్పు చెప్పడం, సమస్త దేవతలకు పైన మహారాజుగా ఉండటం కనిపిస్తాయి. ఇశ్రాయేలీయులు మొదట ఇతర దేవతల ఉనికిని కాదనకుండానే ఒక్కడినే కొలిచారని, బబులోను చెర కాలానికి వచ్చేసరికి 'నేను తప్ప దేవుడే లేడు' అన్న మాట యెషయా గ్రంథంలో పూర్తి స్పష్టతతో వినిపించిందని బైబిలు పరిశోధకుల్లో ఎక్కువమంది అంటారు. ఒకే చెట్టును నరికి, సగం కట్టెలతో చలి కాచుకుని రొట్టె కాల్చుకుని, మిగతా సగంతో దేవుణ్ణి చెక్కుకునే వడ్రంగి మీద వ్యంగ్యం ఆ గ్రంథంలోనిదే. మన ఊళ్లలో విగ్రహారాధన మీద చేసే ప్రసంగాలన్నీ ఆ వడ్రంగి దగ్గరే మొదలవుతాయి. ప్రాణప్రతిష్ఠ అనే భావన తెలిసిన శ్రోతకు ఆ వ్యంగ్యం తగలదన్నది వేరే సంగతి: చెక్కిన కొయ్యే దేవుడని అతడెన్నడూ అనలేదు, ఆవాహన చేస్తేనే దేవుడు అందులోకి వస్తాడని అతడి నమ్మకం.

హోషేయ వంటి ప్రవక్తలు ఈ ఆజ్ఞను దాంపత్యంతో ముడిపెట్టి చెప్పారు. భర్త ఒక్కడే అని చెప్పడం జనాభా లెక్క కాదు గదా. తొలి ఆజ్ఞ కూడా ఆ తరహాదే. అది అడిగేది ఏకనిష్ఠ. ఈ సంగతి పట్టుబడితే గోదావరి డెల్టాలో క్రైస్తవుడికీ అతడి ఇరుగుపొరుగుకూ మధ్య ఉన్న అసలు తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఒకే పరమాత్మకు అనేక రూపాలున్నాయి, నీకు నచ్చిన రూపాన్ని పట్టుకో, పక్కవాడి రూపానికీ నమస్కరించు అన్నది ఇష్టదైవ భావన. పరమాత్మ ఒక్కడేనన్న మాట దగ్గర క్రైస్తవుడికి పేచీ లేదు. ఆ పక్క నమస్కారం దగ్గరే అతడి చెయ్యి ఆగిపోతుంది.

ఈ చర్చలో ఎదురు ప్రశ్న ఒకటి తప్పకుండా వస్తుంది: తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటే మీకు మాత్రం ముగ్గురు కారా, మా త్రిమూర్తుల్లాగా? క్రైస్తవ సంఘ పెద్దలు కూడిన సభలు, అంటే క్రీ.శ. 325లో నీకయ సభ, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ, తేల్చినదాన్ని బట్టి ముగ్గురికీ ఉన్నది ఒకే దైవత్వం. సృష్టి ఒకరిది, స్థితి ఒకరిది, లయం ఒకరిది అన్నట్టు పని పంపకం అక్కడ లేదు. లోకం పట్ల త్రిత్వం చేసే ప్రతి పనీ ముగ్గురిదీ కలిపేనని తొలినాటి సంఘ వేదాంతి అగస్టీను వివరించాడు. ఇంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. ఒకే దేవుడు మూడు సందర్భాల్లో మూడు వేషాలు వేశాడన్న వాదం మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో ప్రచారంలో ఉండేది, సంఘం దాన్ని దుర్బోధగా తోసిపుచ్చింది. జగ్గన్నతోటలో వినిపించే 'ఒక్కడే, రూపాలు పదకొండు' అన్న వివరణ ఆ తోసిపుచ్చిన వాదానికి చాలా దగ్గర. అందువల్ల ఆ వివరణ విన్న చదువుకున్న క్రైస్తవుడు, అది ఎంత ఉదాత్తంగా అనిపించినా, మా దేవుడి గురించీ అంతేనని తలూపలేడు. బెంగాలులో క్రైస్తవం స్వీకరించిన బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ త్రిత్వాన్ని సచ్చిదానందంగా కీర్తించాడు గానీ, మన డెల్టా సంఘాల్లో ఆ ఆలోచనకు పెద్దగా చోటు దొరకలేదు. ఇక్కడి త్రిత్వ బోధ చాలావరకు ఆదివారపు ఆశీర్వచనంతో మొదలై అక్కడే ముగుస్తుంది.

ఇందుకు కారణం సువార్త ఇక్కడ ఎవరి దగ్గరికి, ఎలా వచ్చిందన్న దానిలో ఉంది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లులను కేంద్రాలుగా చేసుకుని పనిచేశారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. 1840ల్లో లూథరన్లు రాజమహేంద్రవరానికి, 1874లో కెనడియన్ బాప్టిస్టులు కాకినాడకు వచ్చారు. పంచారామాల్లో ఒకటైన క్షీరారామ గోపురం నీడ పడే పాలకొల్లులో, ఎందరు దేవుళ్లన్న వాదనను విని సంఘంలో చేరినవాళ్లు కొద్దిమందే. పెద్దసంఖ్యలో వచ్చింది మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి. వాళ్లకు పెద్ద గుళ్లలోకి ప్రవేశమే లేదు. అడుగుపెట్టనివ్వని గుడిని వదులుకోవడం వల్ల వాళ్లు పోగొట్టుకున్నది లేదు. వాళ్లకు సొంతమైనది గ్రామదేవత జాతర. అందులో డప్పు కొట్టడం, బలి పనులు చూడటం వాళ్ల వంతు, దానికి ప్రతిఫలంగా ఊరు ఇచ్చే గింజలు వాళ్ల హక్కు. తొలి ఆజ్ఞ అడిగింది సరిగ్గా దాన్నే వదులుకోమని. ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ తన దగ్గరకొచ్చినవారికి పెట్టిన మూడు షరతుల్లో విగ్రహాలకు మొక్కకూడదన్నది ఒకటి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు అన్నవి మిగతా రెండు. మూడూ కలిసి ఊరి వెట్టి మీద తిరుగుబాటయ్యాయి. జాతరలో డప్పు కొట్టనన్నవాడు అమ్మవారిని మాత్రమే కాదన్నట్టు కాదు, తనకు ఊరు కేటాయించిన చోటును కాదన్నట్టు. మిషనరీల రాతల్లో ఇది చీకటి మీద వెలుగు సాధించిన గెలుపుగా, తర్వాతి సామాజిక చరిత్రకారుల రాతల్లో ఆత్మగౌరవ పోరాటంగా కనిపిస్తుంది. మొదటి రకం రాతల కంటే రెండో రకానివే నిజానికి దగ్గరగా ఉన్నాయి. అయితే ఆ ఆత్మగౌరవానికి కావలసిన ధైర్యం ఆ ఆజ్ఞ నుంచే వచ్చిందన్న సంగతిని అవి కొంచెం తక్కువ చేస్తాయి.

ఇక ఇప్పటి మాట. వినాయక చవితి నాడు పక్కింటి పిల్ల స్టీలు పళ్లెంలో నాలుగు ఉండ్రాళ్లు, గుప్పెడు పులిహోర పెట్టుకుని, పైన మరో పళ్లెం బోర్లించి, 'పిన్నిగారూ, అమ్మ ఇచ్చి రమ్మంది' అంటూ గుమ్మంలో నిలబడుతుంది. ఆ క్షణంలో ఆ ఇల్లాలికి కావలసింది నీకయ సభ తీర్మానం కాదు. మొదటి శతాబ్దంలో కొరింథు పట్టణంలో సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. అక్కడ అంగడిలో అమ్మే మాంసంలో కొంత గుళ్లలో అర్పించిన పశువులది. బంధువుల విందులు గుడి భోజనశాలల్లోనే జరిగేవి. క్రీ.శ. 55 ప్రాంతంలో అపొస్తలుడైన పౌలు ఆ ఊరి సంఘానికి రాసిన మొదటి పత్రికలో ఎనిమిది నుంచి పది వరకు మూడు అధ్యాయాలు దీని చుట్టే తిరుగుతాయి.

పౌలు ఒక్క మాటతో తేల్చలేదు. విగ్రహం వట్టిదని, దేవుడు ఒక్కడేనని ముందు ఒప్పుకుంటాడు. ఆ వెంటనే, ఈ జ్ఞానం అందరికీ లేదని, నీ స్వేచ్ఛ చూసి బలహీనుడైన సహోదరుడు తన మనస్సాక్షికి విరుద్ధంగా తిని చెడిపోతే ఆ పాపం నీదేనని హెచ్చరిస్తాడు. అంగడిలో అమ్మేదాన్ని ఆరా తీయకుండా కొనుక్కుని తినమంటాడు. అన్యుడు భోజనానికి పిలిస్తే వెళ్లి పెట్టింది తినమంటాడు. ఇది దేవుడికి పెట్టిందని ఎవరైనా చెప్పారా, అప్పుడు మాత్రం తినవద్దంటాడు. అదీ తినేవాడి మనస్సాక్షి కోసం కాదు, చెప్పినవాడి కోసం. పదో అధ్యాయంలో స్వరం గట్టిపడుతుంది: ప్రభువు బల్లలోనూ దయ్యాల బల్లలోనూ ఒకేసారి పాలుపొందలేరు. అంటే ఆహార పదార్థంలో ఏ దోషమూ లేదు, ఆ ఆరాధనలో భాగస్వామి కావడంలోనే ఉంది.

ఈ వివేచనను మన సంఘాలు నిలుపుకున్నాయా అంటే అంతగా లేదనే చెప్పాలి. ప్రసాదం తింటే దయ్యం పడుతుందని భయపెట్టే బోధకు పౌలు మాటల్లో ఆధారం లేదు, ఎందుకంటే పదార్థాన్ని ఆయన ముందే నిర్దోషిగా తేల్చేశాడు. తిండిదేముంది, అంతా దేవుడిచ్చిందేనని కొట్టిపారేసే చదువరి క్రైస్తవుడు పదో అధ్యాయాన్ని దాటేస్తున్నాడు. ఇక బైబిలు చివర ఉన్న ప్రకటన గ్రంథానికి వస్తే, విగ్రహార్పితాలు తిననిస్తున్న పెర్గము, తుయతైర సంఘాలను అది ఏ మినహాయింపూ లేకుండా గద్దిస్తుంది. కనుక కొత్త నిబంధనలోనే ఈ విషయంలో రెండు స్వరాలున్నాయి. ఇళ్లలో ఆచరణ కూడా అలాగే ఉంటుంది. ఒక ఇంట్లో పళ్లెం మర్యాదగా తీసుకుని పనిమనిషికి ఇస్తారు. ఒక ఇంట్లో ప్రార్థన చేసి తింటారు. ఒక ఇంట్లో 'మేం తినంరా అమ్మా, ఏమీ అనుకోవద్దని మీ అమ్మతో చెప్పు' అని పంపేస్తారు. క్రిస్మస్‌కు మాత్రం మూడిళ్ల నుంచీ కేకు, అరిసెలు పక్కింటికి వెళతాయి, పక్కింటివాళ్లు ఏ సంకోచం లేకుండా తింటారు. ఈ అసమానత పొరుగువారికి నొప్పి కలిగిస్తుందన్నది నిజం. పుచ్చుకోని కారణాన్ని తిరస్కారంలా కాకుండా చెప్పడం పౌలు కూడా నేర్పలేదు. ఆ నేర్పు సాధించినవారు ఈ డెల్టా ఇల్లాళ్లలోనే ఉన్నారు.

అసలు క్రైస్తవ దృష్టికి తిరస్కారం కన్నా ఆదరణే పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. లుస్త్ర పట్టణంలో కుంటివాడు నడవడం చూసిన జనం పౌలు తోటివాడైన బర్నబాను ద్యుపతి అని, పౌలును హెర్మే అని తమ దేవుళ్ల పేర్లతో పిలిచి, ఎడ్లను పూదండలను తెచ్చి బలి ఇవ్వబోయారు. వాళ్లిద్దరూ బట్టలు చింపుకుని, మేమూ మీలాంటి మనుషులమేనని మొత్తుకున్నారు. మన ఊళ్లలోనూ వేంకటేశ్వరస్వామి పటం పక్కన యేసు పటం పెట్టుకుని రెంటికీ అగరొత్తులు వెలిగించే ఇళ్లు ఉన్నాయి. జ్వరం తగ్గకపోతే శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చి, తగ్గాక అమ్మవారి మొక్కు కూడా తీర్చుకునేవారున్నారు. హిందూ దృష్టిలో ఇది విశాలత్వం, అందులో సందేహం లేదు. క్రైస్తవ బోధ దీన్ని ఒప్పుకోలేదు, ఎందుకంటే పదకొండో పన్నెండో స్థానం ఎంత గౌరవమైనదైనా, తొలి ఆజ్ఞ ఇచ్చినవాడు అడిగింది ఆ స్థానం కాదు.

ఇదే ప్రశ్న క్రైస్తవుల్లోపలా ఉంది. గౌరీపట్నం నిర్మలగిరి మేరీమాత క్షేత్రానికి కథోలికులతో పాటు హిందువులూ తరలివెళతారు. మరియమ్మ విగ్రహం ముందు కొవ్వొత్తి పెట్టడం విగ్రహారాధన కాదా అని ప్రొటెస్టెంటులు అడుగుతారు. 787లో జరిగిన రెండో నీకయ సభ చెప్పినది ఇది: ఆరాధన దేవుడికొక్కడికే, పటాలకు, పరిశుద్ధులకు చెల్లేది గౌరవం, ఆ గౌరవం పటాన్ని దాటి దానిలోని వ్యక్తికి చేరుతుంది. సూత్రంగా ఈ గీత స్పష్టమే. మోకాళ్ల మీద కొండెక్కే తల్లి మనసులో ఆ గీత ఎక్కడుందో మాత్రం ఏ సభా చెప్పలేదు. డెల్టాలో దీనికి మరో ఉదాహరణ అందరికీ తెలిసిందే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ నిష్ఠగల సువార్త క్రైస్తవుడు. ఆయన్ను భగీరథుడితో పోల్చి, నిత్యం గోదావరీ స్నాన పుణ్యం కలిగించిన మహామతిగా స్మరించే సంస్కృత శ్లోకం ఈ నేల మీదే పుట్టింది. ఊరూరా ఆయన విగ్రహాలకు దండలు పడతాయి, క్రైస్తవులూ వేస్తారు. కృతజ్ఞత ఎక్కడ ముగిసి ఆరాధన ఎక్కడ మొదలవుతుందో కాటన్ విగ్రహం దగ్గర ఎవరూ తగవులాడరు. దండ వేసిన ప్రొటెస్టెంటు సోదరుడు నిర్మలగిరి కొవ్వొత్తి గురించి మాట్లాడే ముందు తన దండను ఒకసారి తలచుకోవడం మంచిది.

ఇతర మతాల్లో దేవుడి జాడ ఉందా అన్నదానిపై వేదాంతుల మధ్య వాదన పాతదే. 1938లో తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ సభ ముందు డచ్చి వేదాంతి హెండ్రిక్ క్రేమర్ క్రీస్తులో ప్రత్యక్షతకూ మానవ మతాలకూ మధ్య వంతెన లేదన్నాడు. 1965లో కథోలికుల రెండో వాటికన్ సభ, ఇతర మతాల్లో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని దేన్నీ సంఘం తోసిపుచ్చదని ప్రకటించింది. కానీ వీధిలో మైకు పట్టుకున్నవాడికి వీటికంటే ఎఫెసు వృత్తాంతం ఎక్కువ పనికొస్తుంది. అర్తెమిదేవి వెండి గుళ్లు చేసి అమ్మే దేమేత్రి తన వ్యాపారం పోతోందని అల్లరి లేపినప్పుడు, జనాన్ని శాంతింపజేసిన పట్టణపు కరణం చెప్పిన మాట చూడండి: వీళ్లు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారూ కారు. రెండేళ్లకు పైగా ఆ పట్టణంలో బోధించిన పౌలు మీద, చేతితో చేసినవి దేవుళ్లు కావని చెప్పాడన్న ఆరోపణ ఉంది గానీ, దేవతను తిట్టాడన్న ఆరోపణ ఎదుటి అధికారి నోటి నుంచి కూడా రాలేదు. మన కూటాల్లో కొన్నింటి గురించి ఏ ఊరి సర్పంచీ ఇంత నిశ్చింతగా ఆ మాట అనగలడని చెప్పలేం.

విశ్వాసం బయటికి ఎలా కనిపించాలన్న దానికి మరో చిక్కు చట్టం నుంచి వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. రాష్ట్రంలో అతడికి దక్కేది వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ విభాగం కింద ఒక్క శాతం రిజర్వేషను. అందుకే ఆదివారం చర్చిలో విశ్వాసిగా, కాగితాల మీద హిందువుగా ఉండే కుటుంబాలు తయారయ్యాయి. రెండు పడవల మీద కాళ్లని వాళ్లను ఎగతాళి చేయడం తేలిక. అలా ఎగతాళి చేసేవారు సిరియా సేనాధిపతి నయమాను కథను ఒకసారి చదవాలి. కుష్ఠు నయమయ్యాక ఇకపై యెహోవాకు తప్ప ఎవరికీ బలి అర్పించనని మాట ఇచ్చిన నయమాను, వెంటనే ఒక మినహాయింపు అడిగాడు: నా రాజు రిమ్మోను గుడిలో నా చేతి మీద ఆనుకుని మొక్కేటప్పుడు నేనూ వంగవలసి వస్తుంది, దాన్ని క్షమించాలి. ప్రవక్త ఎలీషా కాదనలేదు, ఔననీ అనలేదు, నెమ్మదితో వెళ్లమన్నాడు. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత ప్రవక్తలతో తలపడి రెండు తలంపుల మధ్య ఎంతకాలం తడబడతారని ప్రజలను నిలదీసిన ఏలీయాకు శిష్యుడీ ఎలీషా. గురువు మాట మీద వందల ప్రసంగాలు వినిపిస్తాయి, శిష్యుడి మాట మీద చాలా తక్కువ.

2027లో గోదావరి పుష్కరాలు రాబోతున్నాయి. రేవుల్లో బందోబస్తు చేసే కానిస్టేబుళ్లలో, పడవలు నడిపేవారిలో, పారిశుధ్య పనివారిలో క్రైస్తవులు ఉండి తీరతారు. వారి పని ఆరాధన కాదని తేల్చడం కష్టం కాదు. వ్యాపారి విషయమే కష్టం. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజిలో క్రైస్తవ రచయిత టెర్టులియన్ సాంబ్రాణి వ్యాపారులను విగ్రహారాధనకు సరుకు అందించే వారిగా లెక్కగట్టాడు. అదే సాంబ్రాణి మందుకూ క్రైస్తవుల సమాధి క్రియలకూ పనికొస్తుందన్న సాకును కూడా ఆయన ఒప్పుకోలేదు. ఆ కొలతతో చూస్తే అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయలు లోడు చేయించే విశ్వాసి సంగతేమిటి? ఆ లారీలో ఏ కాయ నూనె గానుగకు పోతుందో, ఏది వంటింటి పచ్చడికి పోతుందో, ఏది గుడి మెట్ల మీద పగులుతుందో అతడికి తెలియదు. అంగడిలో ఆరా తీయవద్దని పౌలు చెప్పింది కొనేవాడికి. అమ్మేవాడి గురించి ఆయన ఏమీ రాయలేదు. డెల్టా క్రైస్తవులు చాలాకాలంగా పౌలు మాటను అమ్మేవాడికీ వర్తింపజేసుకుంటూ వస్తున్నారు, టెర్టులియన్ పేరు వినకుండానే. పౌలు తర్కం ప్రకారం చూసినా అది తప్పుడు అన్వయం కాదు: కాయలో దోషం లేనప్పుడు, దాన్ని అమ్మినవాడు కొట్టినవాడి మొక్కులో భాగస్వామి కాడు. ఆ మొక్కు కోసమని చెప్పి అడిగి తీసుకున్న కాయ విషయంలో మాత్రం, విందులో 'ఇది దేవుడికి పెట్టింది' అని చెప్పిన అతిథి ప్రశ్న మళ్లీ లేస్తుంది. దానికి సంఘాలు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు.